వేడెక్కితే నోరు మూసుకునే సాక్షి

"ఆఖరిసారి అడుగుతున్నాను. లాండ్రీ వ్యాన్‌కి మీరు వేసింది కొత్త సెన్సరేనా?"

మెకానిక్ తలెత్తలేదు. ఎవరిదో కారు బానెట్‌లోకి వంగి, స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటున్నాడు. ఆ వీధిలో అందరూ ఆయన్ని ఇంజన్ డాక్టర్ అంటారు. ఏ బండికి ఏ జబ్బో విని చెప్పేస్తాడని పేరు. నా మాట మాత్రం ఆ చెవికి ఎక్కడం లేదు.

"కొత్తదే మేడమ్," అన్నాడు చివరికి, ఇంజన్‌తో చెబుతున్నట్టు.

"ఎక్కడ కొన్నారు?"

"కొన్నాను. ఎక్కడో."

"ఆ ఎక్కడో ఎక్కడ?"

"రోజూ బోలెడు ముక్కలు కొంటాం. అన్నీ గుర్తుంటాయా?"

"గుర్తుండాలి. ఆ మోడల్ తయారుచేసిన కంపెనీ మూతపడి ఏళ్ళయింది. నాదీ అదే మోడల్ వ్యాన్ కాబట్టి నాకు తెలుసు. రెండు రోజులుగా స్పేర్ పార్టుల షాపులన్నీ మెట్లెక్కి దిగాను. ఆ సెన్సర్ ఉందా అంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఊళ్ళో ఎవరికీ దొరకనిది మీకొక్కరికే ఎలా దొరికింది?"

షెడ్డులో సుత్తి చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పనివాళ్ళు చేతుల్లో పని చేతుల్లోనే పెట్టుకుని చెవులిటు వేశారు. నేను గొంతు తగ్గించలేదు. అరవై దాటిన మనిషిని, ఆయన షెడ్డులో, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళ ముందు నిలబెట్టి అడిగితే నిజం తొందరగా బయటికొస్తుందని నా లెక్క. నా లెక్కలు ఎంత గొప్పవో సాయంత్రంలోపే తేలింది.

సంగతి ఇది. నాలుగు రోజుల క్రితం ఒక లాండ్రీ వ్యాన్ రైలు గేటు మధ్యలో, సరిగ్గా పట్టాల మీద ఆగిపోయింది. డ్రైవర్ కిందికి దూకి, వెనక సీట్లో ఉన్న లాండ్రీ యజమానురాలిని బయటికి లాగడానికి బిగుసుకుపోయిన తలుపుతో కుస్తీ పడుతుండగానే రైలు వచ్చేసింది. బండి వెనక సగం నుజ్జయింది. ఆవిడ పోయింది. డ్రైవర్ మోచేతి దెబ్బతో బయటపడ్డాడు. బతకడమే అతని నేరమైపోయింది. ముందురోజే ఆవిడ అతన్ని పని మానెయ్యమందని లాండ్రీలో అందరూ చెప్పారు. బండి దానంతటదే ఆగిపోయిందని అతను మొత్తుకున్నాడు. ఇంజన్ నిక్షేపంలా ఉందనీ, కావాలనే ఆపాడనీ ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ రాసిచ్చాడు. పోలీసులు సర్వేయర్ మాట పట్టుకుని హత్య కేసు పెట్టారు.

ఆ డ్రైవర్ ఈ మెకానిక్‌కి స్వయానా అల్లుడు. డిటెక్టివ్‌గా నన్ను పెట్టుకున్నది డ్రైవర్ భార్య, అంటే ఈయన కూతురు. ఆమె షెడ్డు లోపలికి రాలేదు. బయట నా వ్యాన్‌లో చున్నీ చెంపలదాకా లాక్కుని కూర్చుంది. మొగుడు చెప్పింది నిజమైతే తండ్రి అబద్ధాలకోరు. తండ్రి చెప్పింది నిజమైతే మొగుడు హంతకుడు. ఎటు చూసినా తలెత్తుకునే దారి లేదు ఆ పిల్లకి.

లాకప్‌లో డ్రైవర్ నాతో చెప్పింది కొంచెమే. "వేడెక్కితే చచ్చిపోతుంది మేడమ్ ఆ బండి. చల్లారాక ఏమీ ఎరగనట్టు లేస్తుంది. మామయ్యకి ఎన్నిసార్లు చెప్పానో." తప్పు తనే చేసినట్టు నేలచూపులు చూస్తూ, "మామయ్యని మాత్రం ఏమీ అనకండి," అన్నాడు.

ఆ జబ్బుకి ముందుగా అనుమానించాల్సింది క్రాంక్ సెన్సర్‌ని. బొటనవేలంత ముక్క. ఇంజన్ తిరుగుతోందని బండిలోని కంప్యూటర్‌కి చెప్పే పని దానిది. అది నోరు మూసుకుంటే, ఇంజన్ ఆగిందనుకుని కంప్యూటర్ పెట్రోలూ నిప్పురవ్వా రెండూ ఆపేస్తుంది. పాతబడ్డ సెన్సర్ లోపలి తీగ వేడికి విడిపోతుంది. చల్లారితే మళ్ళీ కలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఎంత పరీక్ష చేసినా అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి.

"మీ అల్లుడు వచ్చి చెప్పినప్పుడు మీరేమన్నారు?" అన్నాను.

"ఏమంటాను? చూస్తానన్నాను."

"లాండ్రీ వాకిట్లో అందరిముందూ, 'జబ్బు బండికి కాదు, నీ డ్రైవింగుకి' అన్నారట."

ఆయన ఇంజన్ మీదికి ఇంకాస్త వంగాడు. "అన్నాను."

"తర్వాత?"

"తర్వాత సెన్సర్ మార్చాను. కొత్తది వేశాను. ఒకే మాట ఎన్నిసార్లు చెప్పించుకుంటారు మేడమ్?"

"సరే లెండి. మొన్న మీ అమ్మాయి మాట మీద నా వ్యాన్ కూడా మీకే ఇచ్చాను సర్వీసుకి. ఇవాళ పొద్దున్న సిగ్నల్ దగ్గర అదీ టక్కున ఆగింది. వెనక బళ్ళవాళ్ళు మా వంశం మొత్తాన్నీ తలుచుకున్నారు. డాక్టర్ గారి చెయ్యి పడ్డ బళ్ళన్నీ ఇంతే కాబోలు."

ఎగతాళికే అన్నాను. స్క్రూడ్రైవర్ ఆయన చేతిలోంచి జారి ఇంజన్ అడుగున ఎక్కడో టింగుమంది. మొదటిసారి తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

"బాగా దూరం నడిపాక ఆగిందా?"

"నా బండి సంగతి తర్వాత."

"బండి ఇక్కడ వదిలెయ్యండి మేడమ్. ఇప్పుడే చూసేస్తాను. మీకు టాక్సీ పిలిపిస్తాను."

"ప్రశ్నలు తప్పించుకోవడానికి నా బండి దొరికిందా మీకు? ఇంకోసారి మీ చేతికిస్తే నా బుద్ధి గడ్డి తిన్నట్టే," అని అందరూ వినేలా అనేసి బయటికి నడిచాను.

వెనక నుంచి ఆయన ఏదో అనబోయాడు. పనివాళ్ళ వైపు చూసి ఊరుకున్నాడు. ఆ ముఖంలో భయం కనిపించింది. దొరికిపోతానన్న భయం అనుకున్నాను.

వ్యాన్ ఎక్కగానే ఆమె అడిగింది. "నాన్న ఏమన్నారు?"

"కొత్తదే అంటున్నారు."

"నాన్న అబద్ధమాడరు మేడమ్," అంది. ఆ వెంటనే, "ఆయనా ఆడరు," అని కిటికీ వైపు తిరిగింది.

* * *

నుజ్జయిన వ్యాన్‌ని సర్వేయర్ కంపెనీ గోడౌన్‌లో పెట్టించాడు. ఎక్కడ ప్రమాదం జరిగినా హెడ్ ఆఫీసు నుంచి ఊడిపడే మనిషి. ఎంత ఎండ కాసినా కోటు విప్పడు కాబట్టి మా అందరికీ అతను కోటు, చాటుమాటున. ఇంతకుముందు రెండు కేసుల్లో నా మాట తప్పని నలుగురిలో తేల్చాడు. మూడోది ఇదే కావాలని ముచ్చట పడుతున్నాడు.

గోడౌన్ ముందు బండి ఆపి, పిడి పైకెత్తి, తలుపుని భుజంతో ఒక్క తోపు తోసి దిగాను. ఆ తలుపు మర్యాదగా లాగితే రాదు. ఎన్నాళ్ళనించో అలవాటైపోయి, అదొక లోపమన్న సంగతే మర్చిపోయాను.

"రండి రండి, మీకోసమే చూస్తున్నాను," అన్నాడు కోటు. నా సంచిలోకి తొంగిచూసి కళ్ళు పెద్దవి చేశాడు. "హెయిర్ డ్రయ్యర్! గోళ్ళరంగు! ఏంటి మేడం గారూ, బండిని పెళ్ళికి ముస్తాబు చేస్తారా?"

"డ్రయ్యర్ సెన్సర్‌ని వేడి చెయ్యడానికి. రంగు గుర్తులు పెట్టుకోవడానికి. వెనకటికొక మెకానిక్ నా బండిలో మంచి ముక్కలు పీకి తుక్కు బిగించాడు. అప్పట్నించీ నా బండిలో ప్రతి ముక్క మీదా రెండు చుక్కలు పెట్టుకుంటాను. బిగించాక పైకి కనపడని వైపు."

"చిలకాకుపచ్చ రంగా?"

"గోళ్ళకి ఎవరూ వేసుకోని రంగు కాబట్టే."

పగలబడి నవ్వాడు. నా వెనక నిలబడ్డామెని చూసి, "ఈవిడెవరు?" అన్నాడు.

"డ్రైవర్ భార్య."

నవ్వు ఆపాడు కానీ వెటకారం ఆపలేదు. "మంచిదమ్మా, కూర్చో. బండి వేడెక్కితే ఆగుతుందని కదా మీ ఆయన చెప్పింది. ఎంతసేపటికి ఆగుతుందో నువ్వే చూద్దువు గాని."

ఆమె కూర్చోలేదు. గోడకి ఆనుకుని, వీలైనంత తక్కువ చోటు తీసుకుని నిలబడింది.

నేను పని మొదలుపెట్టాను. బ్యాటరీ తీగలు కదిపి చూశాను. సెన్సర్ ప్లగ్గు ఊడదీసి లోపల తుప్పుందేమో చూసి మళ్ళీ తొడిగాను. వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయిందేమోనని చివరిదాకా వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాను. ఎక్కడా వంక దొరకలేదు. పెట్రోలు ట్యాంకు బండి మధ్యలో ఉండబట్టి బతికింది. కోటు తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజన్ లేచింది.

ఇంజన్ బాగా కాగేదాకా ఆగాను. తర్వాత కింద గేరుబాక్సు కలిసేచోటికి చెయ్యి దూర్చి, సెన్సర్ మీదికి డ్రయ్యర్ గాలి పెట్టాను. పక్కనున్న గొట్టం కాలుతున్న వాసన వచ్చింది. మోచెయ్యి చుర్రుమంది. ఇంజన్ గొంతు మారలేదు.

"జుట్టు ఆరిందా మేడం గారూ?" అన్నాడు కోటు.

డ్రయ్యర్ ఇంకా దగ్గరికి జరిపాను. చెమట కళ్ళలో పడుతోంది. ఇంజన్ నిద్రపోతున్న పిల్లిలా ఒకే శ్రుతిలో గురగురమంటోంది.

"మేడమ్, ఆగదా?" అంది ఆమె.

"ఆగాలి."

ఆగలేదు. డ్రయ్యరే కాగిపోయి ఆగింది. కోటు చప్పట్లు కొట్టాడు.

"నేను రాసిందే రైటని మళ్ళీ రుజువు చేశారు, థాంక్స్. ఈ ఇంజన్‌ని మొన్న గంటల తరబడి నడిపించాను. ఒక్కసారి ఆగితే ఒట్టు. ఈ అమ్మాయికి లేనిపోని ఆశ పెట్టి, ఇక్కడిదాకా లాక్కొచ్చి, మొగుడి అబద్ధాన్ని కళ్ళారా చూపించారు. మీకు సిగ్గనిపించట్లేదా?"

అనిపించింది. ఒళ్ళంతా అనిపించింది. కాలిన మోచెయ్యి పట్టుకుని, మసి ముఖంతో, చచ్చిన డ్రయ్యర్‌తో ఆమె ముందు నిలబడ్డాను.

"ఆయన నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు," అంది ఆమె. తర్వాత, తనకే వినపడనంత చిన్నగా, "నేను పట్టుకోలేదేమో," అంది.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. లాయర్. బెయిలు కాగితాల మీద ఆమె సంతకం కావాలి, మూడింటిలోపు కోర్టులో ఉండకపోతే వచ్చే వారమే. బస్సు పట్టుకుంటే అందదు. నేను నా వ్యాన్ తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె ముఖం చూడలేక, ఏదో ఒకటి చేసేస్తే నా సిగ్గు తగ్గుతుందని పెట్టాను. అంతకుమించిన గొప్ప ఉద్దేశమేమీ లేదు.

"నడపడం వచ్చు కదా?"

"నాన్నే నేర్పారు."

"రెండో గేరు కాస్త మొరాయిస్తుంది. బ్రేకు ముందు నుంచే తొక్కాలి. ఏ దారిన వెళ్తావు?"

"రైలు గేటు దారిన. అదే దగ్గర. ఆ చోటు దాటాలంటే కాళ్ళు వణుకుతాయి కానీ, ఇప్పుడు నా కాళ్ళ సంగతి చూసుకుంటే ఎలా?"

వ్యాన్ గోడౌన్ గేటు దాటి వెళ్ళిపోయింది.

"ఇక దుకాణం కట్టేద్దామా?" అన్నాడు కోటు, గోడౌన్ తాళం ఊపుతూ.

కట్టేసేదాన్నే. సంచి సర్దుకుంటూ చివరిసారి బానెట్‌లోకి టార్చి వేశాను. ఆ ఇంజన్ మీద ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డూ మట్టీ అట్టకట్టి ఉంది. ఏ బోల్టు ఎక్కడుందో గోకితే కానీ తెలియదు. సెన్సర్‌ని పట్టి ఉంచిన బోల్టు ఒక్కటే తళతళలాడుతోంది. దాని అంచున స్పానర్ గీసిన కొత్త గీత.

"ఇది మీరు విప్పారా?"

"నేనా? నేనెందుకు విప్పుతాను?"

"ప్రమాదం ముందు ఎప్పుడో మార్చిన సెన్సర్ అయితే దీని మీద కాస్తయినా దుమ్ముండాలి. ఇది ఈ రెండు మూడు రోజుల్లో విప్పింది."

"మీ ఊహలకి అంతు లేదా?"

అతను వద్దంటుండగానే విప్పాను. సెన్సర్ కాస్త మొండికేసి ఊడి నా చేతిలోకి వచ్చింది. గుడ్డతో తుడిచి, బోల్టు కిందికి వెళ్ళే వైపు తిప్పాను.

చిలకాకుపచ్చవి, పక్కపక్కన, రెండు చుక్కలు.

కాసేపు నాకేమీ అర్థం కాలేదు. నా సొంత చెయ్యి ఎవరి ఇంట్లోనో చూసినట్టుంది. ఇది నా సెన్సర్. నా బండిలో ఉండాల్సింది. ఇన్ని డిగ్రీల వేడి పెట్టినా ఇంజన్ ఎందుకు ఆగలేదో తెలిసింది. నేను వేడి చేసింది నా మంచి సెన్సర్‌నే.

"ఈ బండి మీ దగ్గరికొచ్చాక ఎవరు ముట్టుకున్నారు?" అన్నాను. కోటు ముఖం ముందు సెన్సర్ పట్టుకున్నాను. అతనూ చుక్కల్ని చూశాడు. నా గోళ్ళరంగు సీసా వైపు చూశాడు.

"ఎవరూ లేదు. నేనే."

"ఇంజన్ గురించి మీకేం తెలుసు?"

కోటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు. "చూడండి, ప్రతిదీ ఒక్కణ్ణే చెయ్యలేను కదా. మొన్న ఒక మెకానిక్‌ని పిలిపించాను. ఊళ్ళో అతన్ని మించినవాడు లేడన్నారు. ఇంజన్ డాక్టర్ అంటారట."

"ఆయన అల్లుడే మీరు హంతకుడన్న డ్రైవర్."

అతని ముఖంలో రక్తం చుక్క లేదు.

"ఆయన్ని ఒంటరిగా వదిలారా?"

"భోజనానికి వెళ్ళొచ్చాను. ఎంతసేపని, అరగంట. నాకేం తెలుసు? నేను పొరుగూరివాణ్ణి. అతను చెప్పలేదు." గొంతు తగ్గించి, "ఈ సంగతి హెడ్ ఆఫీసుకి..." అని బతిమాలుతున్నట్టు నా వైపు చూశాడు. కాసేపటి క్రితం నేనెలా నిలబడ్డానో ఇప్పుడతను అలాగే నిలబడ్డాడు. నాకు సంతోషం కలగలేదు.

మొన్న మధ్యాహ్నం. అదే రోజు నా బండి ఆయన షెడ్డులో సర్వీసుకి ఉంది. ఈ సెన్సర్ నా బండిలోంచి ఇందులోకి వచ్చింది. మరి ఇందులోది ఎక్కడికి వెళ్ళింది?

ఆ ప్రశ్న పూర్తిగా రూపుకట్టక ముందే గోడౌన్ గేటు దగ్గర ఎవరో వాచ్‌మన్‌ని తోసుకుని లోపలికి వచ్చారు. మెకానిక్. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో ఒక స్పానర్.

"మీ ఆఫీసుకి వెళ్ళాను మేడమ్. ఇక్కడున్నారన్నారు," అన్నాడు రొప్పుతూ. "మీ బండేది? బయట లేదే?"

నేను సెన్సర్ చూపించాను.

స్పానర్ కింద పడింది. మనిషి కూడా పడబోయి నుజ్జయిన వ్యాన్ అంచు పట్టుకున్నాడు. ఆ బండినే పట్టుకున్నానని తెలిసి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చెప్పండి," అన్నాను. ఈసారి గొంతు తగ్గించే అన్నాను.

"కొత్తది దొరకలేదు మేడమ్. ఎక్కడా దొరకలేదు. తుక్కు బండిలోది తెచ్చి, కడిగి, తళతళలాడించి వేశాను. వేడి చేసి చూడాలని తెలుసు. చూడలేదు. జబ్బు బండిది కాదు నీదేనని అల్లుణ్ణి అందరిముందూ అనేశాను కదా. వేడి చేసి చూస్తే, అది ఆగితే, వాడి మాటే నిజమయ్యేది. నా చెవికి అందని జబ్బు వాడికి తెలిసిందని..." ఆయన మాట తడబడింది. "కొత్తది వేశానని చెప్పేశాను."

"ప్రమాదం జరిగాక చెప్పొచ్చు కదా?"

"చెబ్దామనే పోలీస్ స్టేషన్ మెట్లెక్కాను. అక్కడ నా దగ్గర బండి బాగుచేయించుకునేవాళ్ళే నలుగురున్నారు. రండి డాక్టర్ గారూ అన్నారు. వెనక్కి వచ్చేశాను. ఈ సార్ పిలిచినప్పుడు, ఆ ముక్క తీసేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. దీనికి సరిపోయేది మీ బండిలో తప్ప ఎక్కడా లేదు. బండి చెడిందని తేలకపోతే ఇదేదో ప్రమాదంలే అని వాణ్ణి వదిలేస్తారనుకున్నాను. హత్య అంటారని ఒట్టు, అనుకోలేదు మేడమ్."

"ఇందులోంచి తీసింది ఏం చేశారు?"

ఆయన గేటు వైపు, నా బండి ఉండాల్సిన చోటు వైపు చూశాడు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. నా బండి నడవాలంటే అందులో ఏదో ఒక సెన్సర్ ఉండాలి.

"వేరేది దొరికేదాకా రెండు మూడు రోజులు. చుట్టుపక్కల తిరిగితే ఏమీ కాదనుకున్నాను. పొద్దున్న మీరు ఆగిందనగానే నా ప్రాణం పోయింది. వదిలి వెళ్ళమన్నాను. వాళ్ళందరి ముందూ ఎందుకో చెప్పలేకపోయాను." అప్పుడు చుట్టూ చూశాడు. "మా అమ్మాయేది మేడమ్? మీతో వచ్చింది కదా?"

నేను ఎన్నో ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి ఎన్నో చెడ్డ కబుర్లు చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం తల వంచుకోవాల్సి వచ్చింది. పొద్దున్న సిగ్నల్ దగ్గర ఆగిన సంగతే మర్చిపోయి తాళాలిచ్చింది నేనే.

"నా బండి తీసుకుని వెళ్ళింది. గేటు దారిన."

కోటు ఎప్పుడు కోటు విప్పి పారేశాడో తెలియదు, ఫోన్ చెవికి పెట్టుకుని రైల్వేవాళ్ళ నంబరు ఎవరినో అరిచి అడుగుతూ తన కారు వైపు పరుగెత్తాడు.

నేను ఆమెకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను.

"మేడమ్!" ఆమె గొంతు. నవ్వుతోంది. ఈ నాలుగు రోజుల్లో ఆమె నవ్వు వినడం అదే మొదలు. "మీ బండి ఆగిపోయింది మేడమ్! అచ్చం ఆయన చెప్పినట్టే. గతుకు లేదు, దగ్గు లేదు, టక్కున ఆగిపోయింది. తాళం తిప్పితే తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు మేడమ్!"

"ఎక్కడున్నావు?"

"ఇక్కడే, గేటు మధ్యలో. పట్టాల మీద."

"దిగు. ముందు దిగు."

"దిగితే ఎలా మేడమ్? ఇది కూడా నుజ్జయిపోతే ఇంకెవరు నమ్ముతారు? మనకున్న సాక్ష్యం ఇదొక్కటే. చల్లారితే లేస్తుందన్నారు కదా ఆయన. కాస్త ఆగి మళ్ళీ తిప్పుతాను."

ఫోన్‌లో గంట మొదలైంది. గేట్లు వాటంతటవే పడే ముందు మోగే గంట.

నేను ఫోన్ మెకానిక్ నోటి దగ్గర పెట్టాను. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. వాచ్‌మన్ చూస్తున్నాడు. కారు తలుపు పట్టుకుని కోటు చూస్తున్నాడు. పొద్దున్న షెడ్డులో చూసిన ముఖమే అది. అప్పుడు నాకు కనిపించింది భయం కాదు, సిగ్గని ఇప్పుడు తెలిసింది.

"నాన్నా? నువ్వక్కడున్నావా?" అంది ఆమె. "విన్నావా నాన్నా? ఆయన..."

"దిగమ్మా."

"సాక్ష్యం పోతుంది నాన్నా!"

"పోదు!" ఆ అరుపుకి గోడౌన్ రేకులు అదిరాయి. "సాక్ష్యం బండి కాదు తల్లీ, నేను. ఆ పాడు ముక్క నేనే వేశాను. మీ ఆయన బండిలో నేనే వేశాను, ఈ బండిలోనూ నేనే వేశాను. కోర్టులో చెప్తాను. షెడ్డులో చెప్తాను. అందరి ముందూ చెప్తాను. నువ్వు దిగమ్మా."

గంట మోగుతూనే ఉంది.

"నువ్వా నాన్నా?" అంది చివరికి.

ఆయన నేల మీద కూలబడ్డాడు. రైలు కూత ఫోన్‌లో వినిపించింది. ఆ వెంటనే తలుపు పిడి లాగిన చప్పుడు. మళ్ళీ లాగిన చప్పుడు. మళ్ళీ.

రెండో గేరు సంగతి చెప్పాను, బ్రేకు సంగతి చెప్పాను. ఆ తలుపు మర్యాదగా లాగితే రాదని మాత్రం ఆమెకి చెప్పలేదు.

"పైకెత్తి, భుజంతో తొయ్యి!" అని అరిచాను. కూతలో నా గొంతు నాకే వినపడలేదు.